మడి కట్టుకున్న కంప్యూటర్

చలి వెనకపట్టి ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, మాఘ ఫాల్గుణాల్లో, హైదరాబాదు గాలికి ఒక చిలిపితనం వస్తుంది. దువ్వెన పెడితే జుట్టు దువ్వెన వెంటే లేస్తుంది. నైలాన్ చీర విప్పుతుంటే చిటపటలాడుతుంది. చీకట్లో అయితే సన్నటి మెరుపులు కూడా కనిపిస్తాయి. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గడియ పట్టుకుంటే వేలి చివర చురుక్కుమంటుంది. "ఇదేం మాయరోగమే!" అని చెయ్యి విదిలించుకుని మన పనిలో మనం పడిపోతాం. దాన్ని అంతకంటే పట్టించుకున్న ఇల్లాలు నాకు తెలిసి లేదు.

బందరులో ఉండే మా అక్కయితే ఈ మాట నమ్మనే నమ్మదు. "కుర్చీ కరవడం ఏవిటే, నీ మొహం!" అంటుంది. ఆవిడ తప్పేం లేదు. అక్కడిది సముద్రపు గాలి. రెండు వస్తువులు రాసుకుని విడిపోయినప్పుడు ఒకదాని మీది ఎలక్ట్రాన్లు రెండోదాని మీదికి వచ్చి చేరతాయి. గాలిలో తేమ ఉంటే వస్తువుల మీద కంటికి కనపడని నీటిపొర ఒకటి పేరుకుంటుంది. చేరిన కరెంటు ఆ పొర వెంట మెల్లిగా జారిపోతుంది. మా మీర్‌పేట్‌లో వేసవి మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం చుట్టుపక్కలకి పడిపోతుంది. ఇక అది పోయే దారిలేక మన ఒంటిమీదే కూర్చుంటుంది. పారే కరెంటు కాదు, నిలవ కరెంటు అన్నమాట, నిలవ పచ్చడిలాగ.

మనుషులు మొట్టమొదట ఎరిగిన కరెంటు ఇదేనట. అంబర్ అనే పసుపుపచ్చటి గట్టి బంక ఉంటుంది. ఎప్పుడో కోట్ల ఏళ్ళనాటి చెట్ల జిగురు గడ్డకట్టి రాయైపోయింది. దాన్ని గుడ్డతో రుద్దితే గడ్డిపోచల్ని లాక్కుంటుందని గ్రీకులకి రెండువేల ఏళ్ళకి ముందే తెలుసు. వాళ్ళు దాన్ని ఎలక్ట్రాన్ అన్నారు. ఎలక్ట్రిసిటీ అన్న మాట అందులోంచే పుట్టింది. ఫార్సీ వాళ్ళు మాత్రం కహ్రుబా అన్నారు, అంటే గడ్డిపోచల దొంగ. నాకు ఆ పేరే నచ్చింది.

ఈ దొంగ సంగతి ఇంత లోతుగా తెలుసుకోవలసిన అవసరం మా ఇంటి అటక మీది పెట్టె వల్ల వచ్చింది.

1984లో కేంద్రప్రభుత్వం బడిపిల్లలకి కంప్యూటర్ పరిచయం చెయ్యాలని "క్లాస్" అనే పథకం పెట్టింది. దానికోసం ఇంగ్లండు నించి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు తెప్పించి, దేశంలో ఏరిన పాఠశాలలకి పంచారు. అవును, వార్తల బీబీసీయే. వాళ్ళ టీవీ పాఠాలకి తోడుగా ఉంటుందని ఏకార్న్ అనే కంపెనీ చేత 1981లో చేయించుకున్న యంత్రం అది. కీబోర్డూ, కంప్యూటరూ అంతా ఒకటే పెట్టె. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇవాళ పొద్దున్నే మన ఫోన్లకి వచ్చిపడే శుభోదయం బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. అయినా దానికెంత మర్యాద జరిగిందని! నేను తెలుగు చెప్పే బడిలో దానికో గది, గదికో కర్టెన్, కొబ్బరికాయ, హారతి. చెప్పులు గుమ్మం బయట విప్పితే గాని లోపలికి రానిచ్చేవారు కాదు. దుమ్ము పడకూడదని ఆ ఏర్పాటు. వట్టికాళ్ళతో మొజాయిక్ గచ్చు మీద నిలబడితే ఒంటిమీది నిలవ కరెంటు కూడా నేలలోకి దిగిపోతుందని ఆనాడు అక్కడ ఎవరూ అనుకుని ఉండరు.

ఆ కంప్యూటర్‌కి ఇంగ్లీషు తప్ప రాదు. కాని కొత్త అక్షరం నేర్పవచ్చు. ఎనిమిది గళ్ళు అడ్డం, ఎనిమిది గళ్ళు నిలువు ఉన్న చదరంలో ఏ గడి నింపాలో, ఏది వదలాలో చెబితే నేర్చుకుంటుంది. మా వారు ఎలక్ట్రానిక్స్ మనిషి. బడివాళ్ళు అడిగితే సాయానికి వచ్చేవారు. ఒకరోజు గళ్ళ నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టి, "నీకు ముగ్గులు బాగా వచ్చుగా, వెయ్యి" అన్నారు. "ర", "గ" ఒక్క చదరంలో ఒదిగిపోయాయి. "ఘ", "ఝ" రెండేసి చదరాలు అడిగాయి. ఒత్తులకి వేరే గళ్ళు, గుణింతాలకి వేరే తంటాలు. రెండు వేసవి సెలవులు పట్టింది. నేను వేసిన ముగ్గులన్నిటినీ ఆయన అంకెలుగా మార్చి, స్నేహితుడి దగ్గర పరికరం అరువు తెచ్చి, ఒక చిప్పులోకి ఎక్కించారు. కొన్నేళ్ళకి బడి పాతసామాను వేలం వేసినప్పుడు ఆ కంప్యూటర్‌ని మా వారే పాడుకుని ఇంటికి తెచ్చారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. గళ్ళ నోటుబుక్కు 2020 అక్టోబరు వానల్లో పోయింది. మీర్‌పేట్ కాలనీల్లోకి నీళ్ళొచ్చినప్పుడు కింది అల్మారా సగం దాకా మునిగింది. అటక మీద ఉండబట్టి పెట్టె బతికింది.

అంటే ఆ తెలుగు అక్షరాలు ఈ లోకంలో ఇక ఒక్క చోటే ఉన్నాయి, ఆ చిప్పులో.

ఆ రకం చిప్పుని ఈప్రాం అంటారు. ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. 1971లో బజారుకి వచ్చింది. వీపు మీద చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి అతినీలలోహిత కాంతి పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది. అందుకని కిటికీ మీద కాయితం అంటిస్తారు. మా చిప్పు మీది కాయితంపైన మా వారి చేతిరాత ఉంది, "తెలుగు – 1" అని. లోపల 65,536 బుల్లి గదులు. ఒక్కొక్క గది చుట్టూ గాజులాంటి పొర. కొన్ని గదుల్లో కాసిని ఎలక్ట్రాన్లు బందీలుగా ఉంటాయి, కొన్ని ఖాళీ. నిండిన గదీ ఖాళీ గదీ కలిస్తేనే రాత. తమాషా చూడండి, ఏ నిలవ కరెంటు ఆ చిప్పుని చంపుతుందని భయమో, ఆ నిలవ కరెంటే దాని జ్ఞాపకం కూడాను. నేను దిద్దిన అఆఇఈలు ముప్పై అయిదేళ్ళుగా అలా గాజు గదుల్లో కూర్చున్నాయి. ఎంత గాజు పొరయినా ఏళ్ళు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా కారుతుంది. అందుకే ఆలస్యం చెయ్యకుండా నకలు తియ్యాలన్నాడు మా మరిది.

మా మీర్‌పేట్‌లో కంచన్‌బాగ్ రక్షణ సంస్థల్లో చేసి రిటైరయినవాళ్ళకి కొదవలేదు. మా మరిదీ ఆ కోవలోవాడే. జీవితమంతా చిప్పుల మధ్యనే గడిపాడు. "చదివే పరికరంలో పెడితే నకలు నిమిషంలో వస్తుంది వదినా. కాని దాన్ని గూట్లోంచి తియ్యాలి, పరికరంలో పెట్టాలి. ఆ తీసి పెట్టే మధ్యలోనే ప్రాణం పోయేది" అన్నాడు.

"ప్రాణం పోతే తెలియదుటయ్యా? చురుక్కుమంటుందిగా?" అన్నాను.

"అక్కడే ఉంది చిక్కు. మీకు చురుక్కుమని తెలియాలంటే కనీసం 3,000 వోల్టులుండాలి. ఈ చిప్పుకి 100 చాలు."

నేను కాసేపు మాట్లాడలేదు. మన ఇంటి కరెంటు 230 వోల్టులేనాయె, దానికే మనుషులు పోతున్నారు. మరి 3,000 వోల్టులు తగిలీ మనం ఎలా లేచి తిరుగుతున్నాం? అదే అడిగాను. "ఎత్తు వేరు, ధార వేరు వదినా" అన్నాడు. మేడ మీంచి ఒక్క నీటిబొట్టు నెత్తిన పడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అదే బొట్టు చీమ మీద పడితే? చిప్పులోని గాజుపొర మన తలవెంట్రుక మందంలో వెయ్యో వంతుంటుంది. దానికి మనం వేసే చిటిక కూడా పిడుగే.

1980లో అమెరికా రక్షణశాఖ ఈ విషయం మీద ఒక చేతిపుస్తకం వేసింది. పొడిగాలిలో తివాచీ మీద నడిచిన మనిషి ఒంట్లో 35,000 వోల్టుల దాకా పోగవుతుందని అందులో ఉంది. అదే తేమగాలిలో అయితే 1,500. బల్ల మీంచి పాలిథీన్ సంచి ఎత్తితే చాలు, పొడిగాలిలో 20,000. కూరగాయల సంచులు చింపినప్పుడల్లా మనం ఇంద్రుడి వజ్రాయుధం విసురుతున్నామన్నమాట! పైగా ఇంకో దుర్మార్గం కూడా ఉంది. దెబ్బ తిన్న చిప్పు ప్రతిసారీ అక్కడికక్కడే చచ్చిపోదట. కొన్ని కుంటుతూ కొన్నాళ్ళు నడిచి, మనం నిశ్చింతగా ఉన్నప్పుడు కన్నుమూస్తాయి.

పని చేసేది ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవరాలు. చేతులు వణకని వయసు గనక దానికే అప్పజెప్పాం. పక్కనుండి చెప్పేది మా మరిది. చూస్తూ భయపడేది నేను. నియమాలన్నీ ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే నాకు మా అత్తగారు కళ్ళముందు నిలిచారు. ముట్టుకోకు, మీద పడకు, ఆ బట్టతో రాకు, ముందు చేతులు అక్కడ పెట్టు, అది తాకాక ఇది తాకకు. ఇది మడి కాక మరేవిటి? మడి పేరు చెప్పి మనుషుల్ని గుమ్మంలో నిలబెట్టిన రోజులు చూసినదాన్ని, ఆ మడి మీద నాకేం మోజు లేదు. ఈ మడికి మాత్రం లెక్కలున్నాయి, కులగోత్రాలు లేవు. ఇంకో తిరకాసు ఏవిటంటే, బట్టల విషయం సరిగ్గా తలకిందులు. మా అత్తగారికి మడంటే పట్టుబట్ట, లేకపోతే ధావళి. కంప్యూటర్ మడికి పట్టూ ఉన్నీ రెండూ మైలే! రాసుకుంటే చాలు, కరెంటు పుట్టిస్తాయి. నైలాన్, పాలియెస్టర్ సరేసరి. కావలసింది ఉతికిన నూలుబట్ట. మనవరాలు జార్జెట్ చున్నీ వేసుకొస్తే మా మరిది గుమ్మంలోనే ఆపేశాడు. "అమ్మమ్మా, నీ మంగళగిరి చీర ఇవ్వవే" అని నా దగ్గరికొచ్చింది. చీర కట్టుకుని కంప్యూటర్ విప్పిన పిల్ల మా వీధిలో అదే మొదలు.

అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం ఒకటుంది. అది అర్థమైతే మిగతా నియమాలు బట్టీ పట్టక్కర్లేదు. మా ఊళ్ళో పెద్ద చెరువు, సంద చెరువు, మంత్రాల చెరువు ఉన్నాయి కదా. ఎత్తు చెరువు నిండితే నీళ్ళు పల్లపు చెరువులోకి ఉరుకుతాయి. రెండింటి మట్టం ఒకటే అయితే మధ్య కాలవలో నీరు కదలదు. నిలవ కరెంటూ అంతే. మనిషి, బల్ల, కంప్యూటర్, చిప్పు నాలుగూ ఒకే మట్టంలో ఉంటే ఎటునించి ఎటూ ఏదీ దూకదు. అందుకని అన్నిటినీ తీగెలతో కలిపి, ఆ కలిపినదాన్ని భూమికి కట్టెయ్యాలి.

మనిషిని కట్టెయ్యడానికి మణికట్టు పట్టీ అమ్ముతారు. మేం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి తెచ్చుకున్నాం. వాచీ పట్టీలా ఉంటుంది, దానికి మెలికల తీగె. తీగెలో పది లక్షల ఓముల నిరోధకం ఒకటి ఇమిడి ఉంటుంది, అది చాలా ముఖ్యం. పొరపాటున చెయ్యి 230 వోల్టుల తీగెకి తగిలినా ఒంట్లోంచి పావు మిల్లీ ఆంపియర్‌కి లోపే పోతుంది, మనిషి బతుకుతుంది. ఎవరో చెప్పారని వట్టి రాగితీగె చేతికి చుట్టుకుని భూమికి కట్టుకుంటే అది ఉరితాడే. పట్టీ చర్మానికి ఆనాలి, గాజుల మీదా జాకెట్టు చేతుల మీదా కాదు. లోహపు గాజులు తియ్యాలి. మెళ్ళో గొలుసు వేలాడకుండా లోపలికి దోపుకోవాలి. విప్పడానికి ముందు యంత్రం ప్లగ్గు గోడలోంచి పీకెయ్యాలి, దీనికి మినహాయింపు లేదు.

సరే, భూమికి కట్టాలన్నారు. భూమి ఎక్కడ? మూడు కన్నాల ప్లగ్గులో పైనుండే పెద్ద కన్నమే భూమి అని అందరం అనుకుంటాం. మా మరిది మాటమీద ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపిస్తే, మా హాల్లో ఆ కన్నం వెనక తీగె గోడలో జానెడు దూరం పోయి ఆగిపోయింది! ఇల్లు కట్టినవాడు కన్నం పెట్టాడు గాని భూమి పెట్టలేదు. ఇన్నేళ్ళూ ఫ్రిజ్జూ, గీజరూ, వాషింగ్ మెషినూ ఆ ఉత్తుత్తి భూమినే నమ్ముకుని నడిచాయి. మీ ఇంట్లో గీజరు కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందా? అది చిలిపితనం కాదు, వెంటనే తెలిసినవాణ్ణి పిలిపించండి. కంప్యూటర్ సంగతి అటుంచి, ఈ ఒక్క మరమ్మతు జరిగినందుకే నాకు గుండెల మీది బరువు దిగింది. పెరట్లో తులసికోట అవతల పాత ఎర్తు గుంట పూడిపోయి ఉంటే మళ్ళీ తవ్వించాం. మాది రాతినేల, రెండడుగులు తవ్వితే గునపం ఖంగుమంటుంది. బొగ్గూ ఉప్పూ పొరలుపొరలుగా వేసి గొట్టం పాతాడు. ఎండాకాలం అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పొయ్యమన్నాడు. ఎండిన నేల కరెంటుని తీసుకోదు. మొక్కలతోపాటు దానికీ పోస్తున్నాను.

ఇక ముహూర్తం. ఆషాఢంలో శుభకార్యాలేవిటని నేనన్నాను. "తేమకి ఆషాఢమే మంచిది వదినా, శ్రావణం దాకా ఆగినా సరే, వేసవిలో మాత్రం వద్దు" అన్నాడు. చివరికి ఆషాఢంలోనే, ముసురు పట్టిన ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టాం. తేమ ఉంది కదాని పట్టీ మానలేదు. తేమ ప్రమాదాన్ని తగ్గిస్తుంది గాని తీసెయ్యదు.

బల్ల మీద నిలవ కరెంటుని భూమిలోకి దింపే చాప పరిచారు. చుట్టుపక్కల ప్లాస్టిక్ కవర్లూ, థర్మోకోల్ అట్టలూ, సెల్లోటేపూ ఏవీ ఉండకూడదని నాచేత గదంతా సర్దించారు. సెల్లోటేపు చుట్టలోంచి ఒక జానెడు లాగితే వేల వోల్టులు పుడతాయట. మూత తియ్యగానే లోపల ముప్పై ఏళ్ళ దుమ్ము. వాక్యూమ్ క్లీనర్ తెస్తానంటే ఇద్దరూ ఒక్కసారి "వద్దు" అని అరిచారు. ప్లాస్టిక్ గొట్టంలోంచి దుమ్ము రాసుకుంటూ పోతుంటే అదో కరెంటు కర్మాగారమేనట. మెత్తటి వెంట్రుకల పెయింటు బ్రష్షుతో మెల్లిగా తుడిచింది మనవరాలు. తుడిచేముందు పట్టీ ఉన్న చేత్తో లోపలి ఇనప డబ్బాని ఒకసారి తాకింది. మట్టాలు కలపడం అన్నమాట. దేవుడి గదిలోకి వెళ్ళేముందు గడపకి దణ్ణం పెట్టినట్టుంది నాకు.

చిప్పు తియ్యడం చూడాలి. సన్నటి స్క్రూడ్రైవరు ఒక చివర దూర్చి వెంట్రుకవాసి లేపడం, మళ్ళీ రెండో చివర వెంట్రుకవాసి. అటూ ఇటూ, అటూ ఇటూ. ఇడ్లీ రేకులోంచి విరక్కుండా ఇడ్లీ తీసినట్టు. ఇరవై ఎనిమిది కాళ్ళు, ఒక్కటి వంగినా కష్టమే. పైకొచ్చాక కాళ్ళు ముట్టకుండా రెండు చివర్లా వేళ్ళతో పట్టుకుంది. పట్టుకున్నదాన్ని గాలిలో ఊపుతూ మాట్లాడకుండా తిన్నగా నల్లటి మెత్తలో గుచ్చింది. ఆ మెత్త కరెంటుని పంచుతుంది గనక కాళ్ళన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. అది దొరక్కపోతే వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు కాళ్ళకి అంటేలా చుట్టినా సరిపోతుందన్నాడు మా మరిది. వెండిరంగు సంచీలొస్తాయి చూశారా, వాటి రక్షణ లోపల పెడితేనే. సంచీ మీద పెట్టి పనిచేసేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళుమండుతుంది. "గొడుగు మూసి దానిమీద కూర్చున్నట్టు" అంటాడు.

కిటికీ మీది కాయితం అంచు కొంచెం లేచి ఉంది. మనవరాలు గోటితో అంటించబోయి ఆగింది. "ముట్టుకోకు తల్లీ, అదలా ఉండనీ" అన్నాను. నాకు తెలిసినంతలో ఆ రోజు నేనిచ్చిన సాంకేతిక సలహా అదొక్కటే. మా మరిది తల ఊపాడు.

చదివే పరికరం అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత ఉంది. చిప్పు అందులో పెట్టి మీట నొక్కితే లాప్‌టాప్ మీద అంకెలు వరసకట్టాయి, 8,192 అంకెలు. వచ్చేసిందని నేను లేవబోతే మా మరిది కూర్చోమన్నాడు. మూడుసార్లు చదివి, మూడూ ఒకటేనా అని పోల్చాలిట. పాత చిప్పు ఏ గదిలోనో కరెంటు తరిగి అటూ ఇటూ ఊగుతుంటే, చదివిన ప్రతిసారీ వేరే జవాబు చెబుతుంది. మొదటిసారీ రెండోసారీ కలిశాయి. మూడోదానికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మూడూ కలిశాయి.

మనవరాలు ఆ అంకెల్ని గళ్ళుగా పరిచింది. తెర నిండా నా ముగ్గులు. "అ" పొట్ట దగ్గర గడి చాలక నేను పడిన అవస్థ అలాగే ఉంది. అది ఒక్కొక్కటే వేలు పెట్టి చదువుకుంటూ పోయి, ఒకచోట ఆగింది.

"అమ్మమ్మా, బండి ఱ కూడానా? దీన్నెవరన్నా వాడతారా?"

"మీ తాతయ్యా అదే అన్నారు. ఒక చదరం మిగిలిపోతోందని పెట్టాను" అన్నాను.